జట్టు ఎవరి సొత్తు?

సికింద్రాబాదు రైల్వే స్టేషనుకు నడచిపోదగిన దూరములో ఒక పాత ఇరానీ హోటలు కలదు. సాయంకాలపు రద్దీ సన్నగిల్లిన పిదప, ఆ హోటలులో ఒక మూలనున్న పాలరాతి బల్లచుట్టు ప్రతి ఆదివారమును చేరుచుండు నలుగురైదుగురు యువకులను, వారి నడుమ కూర్చుండు ఒక విశ్రాంత పోలీసు ఉద్యోగిని నేను చాలకాలముగా ఎరుగుదును. వారు ఉస్మానియా బిస్కత్తులను తినుటకు ముందు వానితో ఒక పని చేయుదురు. వెనుక నాలుగు, వాని ముందు రెండు, ఆపైన మూడు, చివర నొకటి చొప్పున బల్లపై పేర్చి, గోల్‌కీపరు స్థానమున చక్కెర డబ్బాను నిలిపి, హైదరాబాదు ఎఫ్‌సీ జట్టును కన్నులయెదుట నిలుపుదురు. 2022వ సంవత్సరారంభమున ఒకనాడు వారిలో చిన్నవాడు ఎడమవైపు బిస్కత్తును వ్రేలితో బహుదూరము ముందుకు తోసి, "ఆకాశ్ మిశ్రా గింత పైకి పోతే వెనక ఖాళీ ఎవరు చూస్తరు తాతా?" అని అడిగెను. వృద్ధుడు తొందరపడక, టీ ఒక గుక్క త్రాగి, నడుమనున్న రెండు బిస్కత్తులలో ఒకదానిని మెల్లగా ఎడమకు జరిపి, "గీడ జోవావ్ విక్టర్ లేడా బిడ్డా? ఉరికెటోని మీదనే కన్ను పెట్టకు. ఆగి కాపు కాసెటోన్ని గూడ సూడు" అని బదులు చెప్పెను.

ఇట్టి ముచ్చటలను పనిలేనివారి కాలక్షేపముగా ఎంచువారు మనలో పెక్కుమంది కలరు. బంతిని తన్నువారు ఇరువది ఇద్దరు, డబ్బు పెట్టువారు ఒకరిద్దరు, చూచి అరచువారు వేలమంది. ఈ వేలమంది మాటకు విలువ యేమున్నదని వారి తలంపు. ఆ తలంపును నేను అంగీకరింపను. ఆటగాండ్రు నాలుగేండ్లుండి పోవుదురు, శిక్షకులు రెండేండ్లకు మారుదురు, ధనికులు లాభము తగ్గిననాడు వాటాలమ్ముకొని తొలగుదురు; వీరందరు వచ్చి పోవుచుండగా ఒక జట్టును నిన్నటి జట్టుగనే నేడును గుర్తుపట్టి, రేపటివారికి అప్పగించునది ఆ బల్లచుట్టు సాగు ముచ్చట తప్ప మరియొకటి కాదు. కావున జట్టు మంచిచెడ్డలను నిర్ణయించువేళ ఆ ముచ్చటకు చట్టబద్ధమైన చోటు ఉండవలెనని నా వాదము.

మొదట వ్యూహమునుగూర్చిన మాటలనే తీసికొందము. మైదానములో బంతి యున్న చోటును కన్ను తనంత తానే వెదకుకొనును; బంతి లేని చోటును చూచుటకు మాత్రము శిక్షణ కావలెను. ఎడమ వెనుకవాడు ముందుకు పరుగెత్తిన క్షణమున అతడు విడిచిన ఖాళీని ఎవరు పూరించిరి, ఎదుటి జట్టులో ఎవడు దానిని కనిపెట్టెను, కోచ్ గట్టుమీద నిలిచి ఎవరికి సైగ చేసెను అను సంగతులు ఒంటరిగా టెలివిజను ముందు కూర్చున్నవానికి దొరకుట కష్టము. పదిమంది కలిసి వాదించుకొనునపుడు ఒకడు చూడనిది మరియొకడు చూచియుండును. ఒకని ఆవేశమును మరియొకని జ్ఞాపకము సరిదిద్దును. గెలిచిన మ్యాచులో దాగియున్న లోపమును, ఓడిన మ్యాచులో మెరసిన మేలును వేరుచేసి చెప్పగల న్యాయబుద్ధి అట్టి వాదములలోనే పదునెక్కును.

ఆటగాండ్రనుగూర్చిన మాటలలో మరియొక విశేషమున్నది. 2021-22 సీజనులో బార్తలోమ్యూ ఒగ్బేచే 18 గోలులు చేసి ఇండియన్ సూపర్ లీగులో అగ్రస్థానమున నిలిచెనని అంకెల పట్టిక చెప్పును. కాని లక్ష్మీకాంత్ కట్టిమని కథను పట్టిక చెప్పజాలదు. 2015 డిసెంబరులో మడ్గాఁవ్ ఫటోర్డా స్టేడియమున జరిగిన ఫైనలులో గోవా జట్టు గోల్‌కీపరుగా నున్న కట్టిమని, తమ జట్టు 2-1 ఆధిక్యముతో విజయపు వాకిట నిలిచిన తొంబదియవ నిమిషమున బంతిని తన గోలులోనికే పంపెను. వెంటనే చెన్నై జట్టు మరియొక గోలు చేసి కప్పును తన్నుకొనిపోయెను. 2022 మార్చి 20న అదే మైదానమున హైదరాబాదు పక్షమున కేరళ బ్లాస్టర్స్‌పై ఆడిన ఫైనలులో, 88వ నిమిషమున సాహిల్ తవోరా దూరమునుండి కొట్టిన దెబ్బతో స్కోరు 1-1 అయి, పోరు పెనాల్టీలకు చేరగా, ఆ కట్టిమనియే మూడు పెనాల్టీలను అడ్డుకొని 3-1తో మన నగరమునకు కప్పును తెచ్చిపెట్టెను. లెక్కల పుస్తకములో ఇవి ఆరు సంవత్సరములకు పైబడిన ఎడముగల రెండు వేర్వేరు పంక్తులు. అభిమాని నోట అది ఒక్క మనుష్యుని కథ. పడినచోటనే లేచినవానిని గుర్తించి గౌరవించుట అంకెలకు చేతకాదు. దానికి వెనుకటి మాటను మనసులో పెట్టుకొన్న మనుష్యులు కావలెను.

ఇక ప్రత్యర్థుల సంగతి. ప్రత్యర్థి లేని అభిమానము ఎదురుగాలి లేని గాలిపటము వంటిది. అది పైకి లేవజాలదు. ఆ ఫైనలునాడు ఫటోర్డా గ్యాలరీలలో అత్యధికులు కేరళ అభిమానులే. వారందరు పసుపు చొక్కాలు తొడిగి వచ్చిరి. కాని రంగుల నియమము ననుసరించి ఆనాడు పసుపు ధరించి ఆడు హక్కు హైదరాబాదుకు దక్కగా, కేరళ ఆటగాండ్రు తమ సొంత రంగును విడిచి ఆడవలసివచ్చినది. స్టేడియమంతయు తమ రంగే యైనను ఆ రంగు ఎదుటి జట్టు ఒంటిమీద నుండుట చూచి ఆ అభిమానులు పడిన బాధను మా బల్లచుట్టు నున్న యువకులు నవ్వుతో కాదు, సానుభూతితో చెప్పుకొనిరి. ఓడినవాని గుండెకోతను అర్థము చేసికొనలేనివాడు తన గెలుపు రుచినైనను పూర్తిగా ఎరుగడు.

ఈ ప్రత్యర్థిత్వపు శోభను, దాని ప్రమాదమును రెంటిని తెలిసికొనవలెనన్న కలకత్తా నగరమును చూడవలెను. 1889లో పుట్టిన మోహన్ బాగాన్, 1920లో పుట్టిన ఈస్ట్ బెంగాల్ నూరేండ్లుగా అచ్చటి వంటింటిలో సయితము తగవులాడుకొనుచున్నవి. ఈస్ట్ బెంగాల్ గెలిచిన సాయంకాలము ఆ అభిమానుల యిండ్లలో ఇలిశ చేప, అనగా గోదావరి తీరమున మనవారు పులసగా ఎరిగిన చేప, ఉడుకును. మోహన్ బాగాన్ గెలిచిన నాడు రొయ్యల కూర ఘుమఘుమలాడును. 1997 జూలై 13న ఫెడరేషన్ కప్పు సెమీఫైనలులో ఆ రెండు జట్లు తలపడుటకు ముందు, మోహన్ బాగాన్ శిక్షకుడు అమల్ దత్తా రచించిన వజ్రాకార వ్యూహమునుగూర్చి నగరమంతయు వాదించెను. మ్యాచు నాటికి సాల్ట్ లేక్ స్టేడియమున చేరిన ప్రేక్షకులు 1,31,000 మంది. పి.కె. బెనర్జీ శిక్షణలోని ఈస్ట్ బెంగాల్ 4-1తో గెలిచెను. బైచుంగ్ భూటియా మూడు గోలులు చేసెను. ఒక వ్యూహపు పేరు విని లక్షమంది ఇల్లు విడిచి బయలుదేరుట, ఆటను ఆలోచనగా మార్చిన ముచ్చట బలమునకు నిదర్శనము.

ఆ ముచ్చటయే కట్టు తప్పిననాడు ఏమగునో ఆ నగరమే చూచినది. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈ రెండు జట్ల మ్యాచులో గ్యాలరీలలో చెలరేగిన కొట్లాటలో, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు ప్రాణములు కోలుపోయిరి. వాదించుటకు మాటలు కరవైనప్పుడే చేతులు లేచును. ఆటను ఎరిగినవానికి ఎదుటివానితో చెప్పవలసిన మాట ఎల్లప్పుడు మిగిలియుండును. ఎరుగనివానికి తిట్టు ఒక్కటే మిగులును. ప్రత్యర్థి ఆటగాని రంగును, కులమును, ప్రాంతమును, తల్లిని నిందించు నినాదములు నేడును మన గ్యాలరీలలో వినబడుచున్నవి. అవి అభిమానమునకు ఆధిక్యము కాదు, ఆట తెలియమికి ఒప్పుకోలు.

అదే కలకత్తాలో 2024 ఆగస్టు 18న, ఒక యువవైద్యురాలిపై జరిగిన ఘోరకృత్యమునకు నగరము అట్టుడికిపోవుచున్నవేళ, డ్యూరాండ్ కప్పులో ఈ రెండు జట్ల మ్యాచును అధికారులు రద్దుచేసిరి. ఆట లేని ఆ సాయంకాలము మోహన్ బాగాన్, ఈస్ట్ బెంగాల్, మహమ్మడన్ స్పోర్టింగ్ అభిమానులు మూడు రంగుల చొక్కాలతో ఒక్కచోట చేరి, లాఠీలను లెక్కింపక, ఆమెకు న్యాయము కావలెనని ఎలుగెత్తిరి. తరతరములుగా పోట్లాడుకొన్నవారు అంత శీఘ్రముగా ఒక్కటి కాగలుగుటకు కారణము వారు అంతకాలముగా ఒకరితో నొకరు మాటలాడుచుండుటయే. పోట్లాట కూడ ఒక పరిచయమే.

ఇట్టి ముచ్చట ఒకప్పుడు మన హైదరాబాదులోను పుష్కలముగా నుండెను. ఉపాధ్యాయుడైన సయ్యద్ అబ్దుల్ రహీం శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950లో డ్యూరాండ్ కప్పు ఫైనలున మోహన్ బాగాన్‌ను ఓడించినది. 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును మరియొకరికి చిక్కనీయలేదు. ఆ రహీం శిక్షణలోనే భారతదేశము 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఏషియన్ క్రీడల స్వర్ణములు గెలిచినది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమందినది. బలమైన కాలిని విడిచి బలహీనమైన కాలితో మాత్రమే ఆడవలెనను నియమము పెట్టి ఆయన పోటీలు నడపెనని ఆనాటివారు చెప్పుకొనుచుండిరి. జకార్తా ఫైనలులో, అంతకుముందే తలకు గాయమై కుట్లుపడియున్న డిఫెండరు జర్నయిల్ సింగును ఫార్వర్డుగా నిలిపి, అతనిచేతనే ఒక గోలు చేయించి, దక్షిణ కొరియాపై 2-1తో గెలిపించిన యుక్తియు ఆయనదే. ఆనాడు లక్షమంది ప్రేక్షకులు భారతజట్టును హేళన చేయుచుండగా పాకిస్తాను హాకీ ఆటగాండ్రు మనవారి పక్షమున చప్పట్లు చరచిరని మన ఆటగాండ్రు పిమ్మట కృతజ్ఞతతో చెప్పుకొనిరి. ప్రత్యర్థియు ఆసరా కాగలడనుటకు అంతకంటె సాక్ష్యము వేరేల?

అంతటి వైభవము ఎట్లు అడుగంటెను? రహీం 1963లో కాన్సరుతో కన్నుమూసెను. ఒక్క గురువు లేనిలోటే దీనికి హేతువని చెప్పుదురు గాని, నాకు మరియొక కారణము తోచుచున్నది. ఆ జట్టు పోలీసు శాఖది. ఆటగాండ్రు శాఖ ఉద్యోగులు. ఊరివారు దానిని ప్రేమించిరి గాని, చందా కట్టి సభ్యులై, ఓటు వేసి, సమావేశములలో లేచి ప్రశ్నించు హక్కును ఎన్నడును పొందలేదు. కలకత్తా క్లబ్బులకు సభ్యులుండిరి. తాత సభ్యత్వపు కార్డును, దానితోపాటు తాత జ్ఞాపకములను మనుమడు అందుకొనెను. సికింద్రాబాదు అమ్ముగూడలో పుట్టి, ఇరువది యేండ్లకే మెల్బోర్న్‌లో ఆడి, భారతదేశపు మేటి ఫార్వర్డులలో ఒకడైన తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కు ఆడి బెంగాలులోనే స్థిరపడి, 2023 ఫిబ్రవరిలో అచ్చటనే కన్నుమూసెను. ఆయన పేరు చెప్పగానే అచ్చటి వృద్ధుల కన్నులు చెమర్చును. ఇచ్చట ఆ పేరును ఎరిగిన యువకులెందరో వ్రేళ్లపై లెక్కింపవచ్చును. ప్రతిభకు మనము కొరవడలేదు. ప్రతిభనుగూర్చి చెప్పుకొను అలవాటును, ఆ అలవాటును నిలుపు సంస్థను కోలుపోతిమి.

2019లో హైదరాబాదు ఎఫ్‌సీ వచ్చినపుడు ఆ లోటు తీరునని ఆశపడితిమి. మొదటి సీజనులో అట్టడుగున నిలిచిన జట్టు, మానోలో మార్క్వెజ్ శిక్షణలో మూడవ సీజనుకే కప్పు గెలిచినది. మరుసటి సంవత్సరము లీగులో రెండవ స్థానమున నిలిచినది. గచ్చిబౌలి స్టేడియమున పసుపు నలుపు జెండాలు ఊపుచు, డప్పు వాయించుచు, జట్టు గెలిచినను ఓడినను తొంబది నిమిషములును నిలువబడి పాడు అభిమానుల బృందము ఒకటి ఏర్పడినది. అంతలోనే జీతములు అందలేదను మొర వినవచ్చెను. ఆటగాండ్రు ఒక్కొక్కరుగా విడిచిపోయిరి. 2023-24 సీజనులో ఒక్క మ్యాచు మాత్రమే గెలిచి జట్టు మరల అట్టడుగునకు జారెను. పిమ్మట యాజమాన్యము చేతులు మారి, 2025లో ఆ క్లబ్బు పేరు మార్చుకొని ఢిల్లీకి తరలిపోయెను. బల్లలు కుర్చీలు లారీకెత్తించి ఇల్లు మారినట్లు ఒక నగరపు జట్టును మరియొక నగరమునకు మోసికొనిపోవుటకు ఎవరి అనుమతి కావలసెను? డప్పు వాయించినవారిది మాత్రము కాదు.

ఇది వ్యాపారము, నష్టము వచ్చిన దుకాణమును ఎత్తివేయుటకు యజమానికి హక్కు లేదా అని అడుగువారుందురు. ఆ ప్రశ్నలో కొంత న్యాయము కలదు. నష్టము భరించువానిని నిందించుట నా ఉద్దేశము కాదు. కాని దుకాణము మూతపడిన కొనువాడు ప్రక్క దుకాణమునకు పోవును. జట్టు తరలిపోయిన అభిమాని ప్రక్క జట్టుకు పోడు. అతనికి ప్రత్యామ్నాయము లేదు గనుకనే అతని మాటకు రక్షణ కావలెను. ఇతర దేశములు ఈ సంగతిని ఆలస్యముగనైనను గ్రహించినవి. 2002లో ఇంగ్లండులో వింబుల్డన్ క్లబ్బు మిల్టన్ కీన్స్ అను దూరపు పట్టణమునకు తరలుటకు అనుమతి లభింపగా, అభిమానులు కొన్ని వారములలోనే తమ సొంత క్లబ్బును స్థాపించి, బహిరంగ మైదానమున ఎంపికపోటీలు పెట్టి ఆటగాండ్రను చేర్చుకొని, తొమ్మిదవ అంతస్తునుండి మొదలిడి తొమ్మిదేండ్లలో ప్రధాన లీగులలోనికి అడుగుపెట్టిరి. జర్మనీలో, ఒకటి రెండు మినహాయింపులున్నను, క్లబ్బు ఓట్లలో సగముకంటె ఎక్కువ సభ్యుల సంఘము చేతిలోనే యుండవలెనను నియమము కలదు. 2021 ఏప్రిలులో ఐరోపాలోని పండ్రెండు ధనిక క్లబ్బులు తమలో తామే ఒక లీగు పెట్టుకొనదలపగా, అభిమానుల ఆగ్రహమునకు తాళలేక మూడునాళ్లలోనే ఆ యత్నము కూలిపోయినది. మన దేశముననే, విలీనమువలన తమ క్లబ్బు పేరుకు ముందు చేరిన అక్షరములను తొలగింపవలెనని మోహన్ బాగాన్ అభిమానులు ఏండ్ల తరబడి పట్టుపట్టి, 2023లో సాధించుకొనిరి.

కావున రేపు మన నగరమున మరియొక క్లబ్బు వెలయునేని, మొదటి దినముననే కొన్ని కట్టుబాట్లు వ్రాసికొనవలెను. జట్టు పేరు, రంగు, ఊరు మార్చుటకు అభిమానుల సభ్యసంఘపు సమ్మతి తప్పనిసరి కావలెను. ఆ సంఘము ఎన్నుకొన్న ఇరువురైనను పాలకవర్గమున కూర్చుండి, ఆటగాండ్రకు జీతములు ముట్టినవో లేదో లెక్క అడుగవలెను. ప్రభుత్వము మైదానమును అద్దెకిచ్చునపుడు ఈ షరతులను ఒప్పందమున చేర్చవలెను. ప్రజల సొమ్ముతో కట్టిన స్టేడియమున ప్రజల మాటకు చోటడుగుట అత్యాశ కాదు. ఇక అభిమానులమైన మనము చేయవలసినదియు కలదు. అర్ధరాత్రి మేలుకొని మాంచెస్టర్, బార్సిలోనా మ్యాచులు చూచి ప్రతి పాసును విశ్లేషింపగల తెలుగు యువకులు వేలకొలదిగా నున్నారు. వారి జ్ఞానమును నేను మెచ్చుకొనుచున్నాను. ఆ జ్ఞానములో పదవపాలైనను మన ఊరి లీగు మ్యాచు గట్టుమీదికి తీసికొనివచ్చినచో, అచ్చట చూచువారులేక ఆడుచున్న బాలురకు అంతకంటె మేలు లేదు.

క్లబ్బు తరలిపోయినదని తెలిసిన వారమున నేను ఆ ఇరానీ హోటలుకు పోతిని. బల్ల ఖాళీగా నుండునేమో యని శంకించితిని. యువకులు అచ్చటనే యుండిరి. బిస్కత్తులు బల్లమీదనే పేర్చబడి యుండెను. కాని ఈసారి వానికి వారిచ్చిన పేర్లు నేనెన్నడు విననివి. ఆ ఉదయమున వారు ఒక పాఠశాల మైదానమున పదునాలుగేండ్ల లోపు బాలుర మ్యాచు చూచివచ్చిరి. వారిలో చిన్నవాడు కుడివైపు బిస్కత్తును చూపి, "గా పోరగాడు మంచిగ ఆడిండు తాతా. కని కుడి కాలు తప్ప ఎడమ కాలు పనికే రాదు" అనెను. వృద్ధుడు ఆ బిస్కత్తును ఎడమవైపునకు మార్చి పెట్టి, "వచ్చే ఆదివారం ఈడ ఆడిపియ్యుమను. రహీం సాబ్ గట్లనే నేర్పుతుండె" అనెను.